సర్వీసు లైటు మీట చేసే ముందు

చిట్టితల్లికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అదేదో వైర్లు కలిపి కారులో లైటు ఆర్పుతుందట, నువ్వయినా ఆపు అన్నయ్యా" అంది. ఆపను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు.

నువ్వు కొన్న ఆ పాత బీఎండబ్ల్యూ ఈ30 నాకు బాగా తెలిసిన బండి. డ్యాష్‌బోర్డులో ఐదు పచ్చ లైట్లుంటాయి. బండి నడిచేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతుంది, సర్వీసు టైమయితే పసుపు వెలుగుతుంది, దాటిపోతే ఎరుపు. అది కిలోమీటర్లే లెక్కపెడుతుందనుకోకు. ఇంజన్ ఎంత వేగంగా తిరిగింది, ఎంత వేడిగా ఉంది, అన్నీ చూసుకుంటుంది. చల్లటి ఇంజన్‌ని అదేపనిగా స్టార్ట్ చేసి నాలుగడుగులు నడిపి ఆపేసేవాళ్లకి పచ్చ లైట్లు త్వరగా ఆరిపోతాయి. సర్వీసు అయ్యాక ఆ లైట్లని మళ్లీ మొదటికి తేవాలి, అదే రీసెట్. ఇప్పటి బండ్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీటలతోనే ఆ పనైపోతుంది. నీ బండికి బానెట్ కింద గుండ్రటి సాకెట్ ఉంటుంది, దాని మూత తిప్పి తియ్యాలి.

కావలసినవి రెండు వైర్లు, ఒక పుష్ బటన్, ఒక ఫ్యూజు. అంతే. ముందు రంధ్రాలు లెక్కపెట్టు. 20 ఉంటే 7వది రీసెట్, 19వది ఎర్త్, అంటే బండి బాడీకి కలిసేది. కొన్ని పాతవాటిలో 15 ఉంటాయి, వాటిలో ఎర్త్ 1వది. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, బటన్ నొక్కితే ఆ రెండూ కలవాలి. ఆయిల్ సర్వీసుకి 3, 4 సెకన్లు చాలు. ఇన్‌స్పెక్షన్, అంటే పెద్ద సర్వీసు అయితే 10 దాటి 12 దాకా పట్టుకోవాలి.

ఇక ఫ్యూజు సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం.

నేను షెడ్డులో పని నేర్చుకుంటున్న రోజులవి. నీలాగే తెలివైనవాణ్ని, అంటే తొందరెక్కువ. ఎవరిదో బండి, రాత్రి పూట. మీ అమ్మకి అప్పుడు పన్నెండేళ్లు ఉంటాయేమో. టార్చ్ పట్టుకుని నిలబడమన్నాను. ఫ్యూజు లేదు, బటన్ కూడా లేదు. ఒట్టి వైరు ముక్క. ఒక కొస బండి బాడీకి క్లిప్పు పెట్టి బిగించాను. రెండో కొసతో సాకెట్ మీదికి వంగాను. ఫెండర్ వైపు నుంచి వంగడంతో సాకెట్ నాకు తలకిందులుగా కనపడుతోంది, ఆ సంగతి నాకు తట్టలేదు. అంకెలు చదవాలి కదా, చదవలేదు. అబద్ధం చెప్పను, వేళ్లతో లెక్కపెట్టుకుంటూ పోయి 7 అనుకుని 14లో పెట్టాను.

14లో బ్యాటరీ ప్లస్ ఎప్పుడూ ఉంటుంది. తాళం తీసేసి జేబులో వేసుకున్నా ఉంటుంది. 12 వోల్టులు షాక్ కొట్టవు కాబట్టి దానికి భయపడనక్కర్లేదని అందరూ అంటారు, నేనూ అనేవాణ్ని. కారు బ్యాటరీ స్టార్టర్ మోటారు తిప్పేందుకు వందల ఆంపియర్లు ఇస్తుంది. సన్నటి వైరులోంచి ఆ కరెంటు పోతే ఏమవుతుంది? మొదట పొగ. తర్వాత తొడుగు కరిగి నా వేళ్లకి అంటుకుంది. లాగేద్దామంటే కొస సాకెట్లో ఇరుక్కుపోయింది. చివరికి కాలుతున్న చేత్తోనే బాడీకి పెట్టిన క్లిప్పు లాగేశాను. మీ అమ్మ కదల్లేదు, అరవలేదు, టార్చ్ కూడా పడెయ్యలేదు. మర్నాటి నుంచి మాత్రం షెడ్డు గుమ్మం తొక్కలేదు. నా కుడి బొటనవేలు మీద మచ్చ చూసి చిన్నప్పుడు "మామయ్యా, ఇదేంటి" అనేదానివి, నేను అగ్గిపుల్ల అని చెప్పేవాణ్ని.

అందుకని 1 ఆంపియర్ ఫ్యూజు, 7వ రంధ్రంలోకి వెళ్లే వైరులోనే. పొరపాటున 14లో పడ్డా ఫ్యూజు పోతుంది, నీ వేలు పోదు. ఉంగరం, గాజులు తీసి పక్కన పెట్టు. అంకెలు పైకి గట్టిగా చదువు, ఎవరైనా నవ్వితే నవ్వనీ. వైర్లు సాకెట్లో పెట్టేటప్పుడు బటన్ నొక్కకు. ఇగ్నిషన్ తర్వాత.

ఇంకొకటి. అన్నీ సరిగ్గా చేసినా లైట్లు మళ్లీ పాత చోటికే వచ్చేస్తే నీ మీట తప్పు కాదు. మీటర్ల బోర్డు వెనక చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీలుంటాయి, ముసలివైపోయి చస్తాయి, ఒక్కోసారి కారి బోర్డునే తినేస్తాయి. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, బోర్డు విప్పొద్దు. విప్పుతావని తెలుసు. విప్పితే ముందు ఫోటో తీసుకో.

ఆయిల్ మార్చాకే లైటు ఆర్పుతావుగా? నువ్వు మారుస్తావు, నాకు తెలుసు. ఊరికే అడిగాను.

మీట అయ్యాక ఫ్యూజు కనపడేలా ఫోటో పంపు. మీ అమ్మకి కాదు, నాకు. టార్చ్ పట్టుకోమని కూడా తనని పిలవకు.

మామయ్య