‘ఒకరి చావు కోసం ఎదురుచూశాను’ అంటున్నారు

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే పల్మనరీ ఫైబ్రోసిస్‌తో రెండేళ్లు ఆక్సిజన్ మీదే గడిపారు. ఐదు నెలల కిందట, బ్రెయిన్‌డెడ్ అయిన ఒకరి ఊపిరితిత్తులు అమర్చారు. డాక్టర్లు అంతా బాగుందంటున్నారు. ఈయన మాత్రం ఎవరితోనూ మాట్లాడరు, రాత్రిళ్లు నిద్రపోరు, ఊరికే విసుక్కుంటారు. ‘ఒకరి చావు కోసం ఎదురుచూశాను కదా’ అని ఓసారి అన్నారు. నెల నుంచి, ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమీటర్ ఊదమంటే గొడవే. నేనూ అరిచేస్తున్నాను. అత్తగారు నన్నే తప్పుపడుతున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీవారు అన్న ఆ ఒక్క మాట దగ్గరే మొదలుపెడదాం. అవయవ మార్పిడి జరిగినవాళ్లలో చాలామంది లోలోపల మోసే బరువిది. మీతో అనగలిగారంటే మీ మీద నమ్మకం ఉన్నట్టే. ‘అలా అనకండి, మన అదృష్టం అనుకోండి’ అని ఆ మాటను తుంచేయకండి. పూర్తిగా విన్నాక ఒక సంగతి చెప్పండి. దాత చనిపోయారని తేల్చే డాక్టర్లు వేరు, మార్పిడి చేసే డాక్టర్లు వేరు. మీవారి పేరు వెయిటింగ్ లిస్టులో లేకపోయినా ఆ ప్రాణం నిలిచేది కాదు. ఆయన ఎదురుచూసింది, అంత దుఃఖంలోనూ ‘ఇస్తాం’ అనగలిగే ఒక కుటుంబం కోసం. దాత వివరాలు సాధారణంగా చెప్పరు గానీ, చాలాచోట్ల, ఆసుపత్రిలో మార్పిడి వ్యవహారాలు చూసే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ద్వారా పేరూ ఊరూ లేకుండా ఉత్తరం పంపనిస్తారు. తొందరపెట్టకండి. రాసి దాచుకున్నా మనసు తేలికపడుతుంది.

చిరాకు, నిద్ర పట్టకపోవడం పూర్తిగా మనసు వల్లే అనుకోకండి. మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసలోన్ నిద్ర చెడగొడుతుంది, కోపమూ దిగులూ తెస్తుంది. కొత్త ఊపిరితిత్తులను ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే ట్యాక్రోలిమస్‌తో చేతులు వణకొచ్చు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికిపోతుంటే, ఈ వయసులో ఆయనకు ఎంత చిన్నతనంగా ఉంటుందో! ఇవన్నీ డాక్టరుకు చెప్పండి. డోసు మార్చాల్సింది వాళ్లే. సొంతంగా తగ్గిస్తే రిజెక్షన్, అంటే కొత్త ఊపిరితిత్తులను ఒళ్లు తిప్పికొట్టడం, రావచ్చు. దిగులుకు మందు వాడాల్సి వచ్చినా, మూలికల మందైనా సరే, ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లను అడిగాకే. కొన్ని మందులు రక్తంలో ట్యాక్రోలిమస్‌ను పెంచేస్తాయి, కొన్ని తగ్గించేస్తాయి.

ఆయన మాత్రలు మానేసినా, బతకాలని లేదన్నా ఒంటరిగా వదలకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

స్పైరోమీటర్ విషయంలో నేను మీ పక్షమే. కొత్త ఊపిరితిత్తులకు నరాల సంబంధం తెగిపోతుంది కాబట్టి, కఫం చేరినా రావాల్సినంత దగ్గు రాదు. రిజెక్షన్ మొదట్లో పైకి ఏమీ తెలియకపోవచ్చు. ఊదినప్పుడు వచ్చే అంకె పడిపోవడమే ఒక్కోసారి తొలి గుర్తు. మామూలుగా వచ్చేదానికంటే 10 శాతం తగ్గితే ఫోన్ చేయమని చాలా ఆసుపత్రుల్లో చెబుతారు. మీ డాక్టర్లు చెప్పిన హద్దు ఏదైతే అదే పాటించండి. జ్వరం, ఆయాసం ఉన్నా ఆగకుండా ఫోన్ చేయాలి. నెల నుంచి సరిగా ఊదడం లేదంటున్నారు కాబట్టి, ఇది చదవగానే కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి చెప్పండి.

అయితే ఊదించే పని మీది కాకూడదు. ఆయన మంచం మీద ఉన్నంతకాలం అన్నీ మీరే చూసుకున్నారు, చూసుకోకపోతే గడిచేది కాదు. ఇప్పుడు నడవగలిగిన మనిషికి మాత్రల డబ్బా ఇచ్చేయండి. 12 గంటల తేడాతో వేసుకోవడం, రక్తపరీక్ష రోజు రక్తం ఇచ్చాకే పొద్దుటి ట్యాక్రోలిమస్ వేసుకోవడం, స్పైరోమీటర్ అంకె పుస్తకంలో రాయడం, అన్నీ ఆయన చేతుల మీదుగానే జరగాలి. మొదట్లో పక్కన కూర్చోండి. తర్వాత వారానికోసారి డబ్బా, పుస్తకం చూస్తే చాలు. అత్తగారితో వాదన వద్దు. సాయంత్రం కొడుకుతో నడిచే పని, జలుబుతో వచ్చిన చుట్టాలను గుమ్మంలోనే ఆపే పని ఆవిడకు అప్పజెప్పండి.

ఇంత ఉత్తరంలో మీ గురించి రాసుకున్నది ‘నేనూ అరిచేస్తున్నాను’ అన్న ముక్క ఒక్కటే. రెండేళ్లకు పైగా సరైన నిద్ర లేనివాళ్లకు ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? ట్రాన్స్‌ప్లాంట్ విభాగంలో కౌన్సెలర్ ఉంటే మీకోసం విడిగా సమయం అడగండి. ఆయన్ని వెంట తీసుకెళ్లకండి.