మేనమామా, మామగారా?

ప్రశ్న: జూలియస్ సీజర్‌ను చివరిదాకా ఎదిరించిన రోమన్ సెనేటర్ కేటో, సీజర్ హంతకుల్లో ఒకడైన బ్రూటస్‌కు మేనమామ అని ఒకచోట, మామగారు అని మరోచోట చదివాను. ఏది నిజం? సీజర్‌తో కూడా ఆయనకు చుట్టరికం ఉండేదా?

జవాబు: రెండూ నిజమే. క్రీ.పూ. 95లో పుట్టిన ఈ కేటోకు సెర్విలియా అనే సవతి అక్క ఉండేది. సవతి అక్క అంటే తండ్రి ఒకరై తల్లులు వేరనిపిస్తుంది గాని, వీరికి తల్లి లివియా ఒక్కరే, తండ్రులు వేరు. ఆ సెర్విలియా కొడుకే బ్రూటస్. అతడు క్రీ.పూ. 45లో కేటో కూతురు పోర్షియాను, అంటే మేనమామ కూతురినే పెళ్లి చేసుకున్నాడు. అయితే సీజర్ దయతో బతకడం ఇష్టం లేక కేటో అంతకు ముందు ఏడాదే ఉత్తర ఆఫ్రికాలోని యుటికా నగరంలో ప్రాణం తీసుకున్నాడు గనుక, అల్లుడిగా బ్రూటస్‌ను ఆయన చూడనే లేదు.

సీజర్‌తో రక్తసంబంధం లేదు. సెర్విలియా మాత్రం అతని ప్రేయసి. క్రీ.పూ. 63లో రోమ్ ప్రభుత్వాన్ని కూలదోయాలని కాటిలైన్ పన్నిన కుట్రపై సెనేట్‌లో వాదం జరుగుతుండగా సీజర్‌కు ఎవరో ఒక చీటీ అందించారట. అందులో కుట్ర సమాచారం ఉందని అనుమానించిన కేటో దానిని చదవాలని పట్టుబట్టి, తీరా చూస్తే అది తన అక్క రాసిన ప్రేమలేఖ కావడంతో, చీటీని సీజర్ మీదికే విసిరికొట్టాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

పెళ్లిళ్ల వైపు నుంచి చూస్తే ముడి మరింత చిక్కనిది. కేటో రెండో భార్య మార్షియా తండ్రి ఫిలిప్పస్, సీజర్ మేనకోడలు అటియాను పెళ్లాడాడు. ఆమెకు మొదటి భర్త వల్ల కలిగిన కొడుకే తరువాత అగస్టస్ చక్రవర్తి అయిన ఆక్టేవియన్. అంటే సీజర్ మేనకోడలు కేటోకు మారుటి అత్తగారు! ఈ మార్షియానే, వక్తగా పేరుపొందిన హోర్టెన్షియస్ సంతానం కోసం అడిగితే, కేటో మామగారి అంగీకారంతో అతనికిచ్చి పెళ్లి చేశాడు. అతడు క్రీ.పూ. 50లో చనిపోయి ఆమెకు పెద్ద ఆస్తి మిగలగా, కేటో ఆమెను మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఇది డబ్బు కోసం చేసిన పనేనని సీజర్ ఎద్దేవా చేశాడు. కేటో నిరాడంబర జీవితాన్ని గమనిస్తే ఆ నింద నమ్మదగినదిగా నాకు తోచదు.

మరొక సంగతి: రోమన్ ఆడపిల్లలకు వంశనామమే పేరు కావడం వల్ల కేటో సొంత సోదరి పేరు కూడా పోర్షియాయే. డొమిషియస్ అహెనోబార్బస్‌ను పెళ్లాడిన ఆమె మునిమనవడి కొడుకే నీరో చక్రవర్తి.