హైడ్రోజన్ ప్లాంటుకు వద్దనాలా?

ప్రశ్న: మా ఊరి పక్కన సోలార్ కరెంటుతో నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే ప్లాంటు పెడతారట. గ్రామసభ ఉంది. కుర్రాళ్లు ఉద్యోగాలంటున్నారు. మా మామయ్య "అది బాంబు గ్యాసమ్మా" అంటున్నాడు. 'ముందుజాగ్రత్త సూత్రం' చూపించి ఆపించొచ్చా?
– ఒక వార్డు మెంబరు, చిట్యాల మండలం

జవాబు: ఆపించడానికే ఆ సూత్రం కాదమ్మా. పూడ్చలేని నష్టం జరిగే ముప్పుంటే, సైన్సు ఇంకా పూర్తిగా తేల్చలేదన్న వంకతో జాగ్రత్తను వాయిదా వేయొద్దని, పర్యావరణం మీద దేశాలు కలిసి చేసిన 1992 రియో ప్రకటన చెప్పింది. మన సుప్రీంకోర్టు 1999లో ఇంకో మాట నొక్కి చెప్పింది. హిమాయత్‌సాగర్‌కు నీళ్లొచ్చే పెద్దషాపూర్‌లో ఆముదం సరుకుల ఫ్యాక్టరీ కేసది. ప్రమాదం లేదని రుజువు చేయాల్సింది పెట్టేవాళ్లే, అడ్డుచెప్పేవాళ్లు కాదంది. మీరు పట్టుకోవాల్సింది ఈ మాటనే.

మీ మామయ్య మాట సగం నిజం. నేను 22 ఏళ్లు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో సేఫ్టీ చూశాను. హైడ్రోజన్ వాడే కొత్త షెడ్డులో కాంట్రాక్టరు గ్యాస్ డిటెక్టర్లను మోకాలెత్తున బిగించి పోయాడు. ఆయనకు వంటగ్యాసే తెలుసు, అది నేలమీద పాకుతుంది. హైడ్రోజన్ గాలికన్నా 14 రెట్లు తేలిక, కప్పు కింద చేరుతుంది. "గ్యాస్ పైకి పోతే మిషన్ కిందెందుకు సార్?" అని అడిగింది పదో తరగతి చదివిన రామన్నపేట ఆపరేటరు. కాగితాల మీద సంతకం పెట్టిన నాకు తట్టలేదు!

దానికి వాసన లేదు, పగలు మంట కూడా సరిగా కనబడదు. లీకుందని అనుమానం వస్తే చీపురు ముందుకు చాచి నడిచేవాళ్లు, చీపురు అంటుకుంటే మంట అక్కడున్నట్టు. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. కాకపోతే ఆరుబయట తొందరగా పైకి పోతుంది. అందుకే షెడ్డుకు కప్పు దగ్గర గాలి పోయే దారుందా అని అడగండి.

2019లో నార్వేలో హైడ్రోజన్ బంకు పేలింది, బోల్టులు సరిగా బిగించకనే. అదే ఏడు దక్షిణ కొరియాలో హైడ్రోజన్ ట్యాంకులోకి ఆక్సిజన్ చేరి ఇద్దరు పోయారు. నీళ్లను విడగొడితే ఆక్సిజన్ కూడా వస్తుంది, మబ్బు పట్టి సోలార్ కరెంటు తగ్గితే హైడ్రోజన్‌లో దాని పాలు పెరుగుతుంది. అప్పుడు మిషన్ దానంతటదే ఆగుతుందా? ఆగడం చూపించమనండి, చెప్పడం కాదు.

నాకు అంతకన్నా టెన్షన్ నీళ్ల గురించి. కిలో హైడ్రోజన్‌కు లెక్క ప్రకారమే 9 లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. మన బోరు నీళ్లను ఆర్‌ఓ చేస్తే, బయటికి వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో నల్లగొండ వాళ్లకు ఇంకొకరు చెప్పాలా? ఆ నీళ్లు ఏ వాగులోకి, ఏ చెరువులోకి పోతాయో మ్యాపు మీద గీయించి, గ్రామసభ తీర్మానానికి జతచేయించండి. గీయకపోతే సభను ఇంకో రోజుకు మార్చమనండి.