గిరి ప్రదక్షిణకు ముందు మేనల్లుడికి ఒక ఉత్తరం

సీతమ్మధార,
విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఈ ఆషాఢంలో సింహాచలం అప్పన్న కొండ చుట్టూ నడుస్తానని మీ అమ్మతో అన్నావట. సంతోషం. మొన్న ఆదివారం కైలాసగిరి మెట్లెక్కి దిగినందుకు రెండు రోజులు గోడ పట్టుకుని కూర్చున్నావని కూడా అదే నోటితో చెప్పింది. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఒళ్లు పులిసిపోయిందంటాం కదా. నేను ఆడి ఇంటికొస్తే మీ అమ్మమ్మ "ఏట్రా, ఒళ్లు పులిసిపోనాదా" అంటూ నువ్వుల నూనె గిన్నె తెచ్చేది. తర్వాత డ్రిల్ మాస్టారి శిక్షణకి వెళ్తే అక్కడా అదే పులుపు. కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, నొప్పంతా దానివల్లే అన్నారు. ఆ ఆమ్లం పులిసిన పెరుగులో ఉండేదే. 1780లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని విరిగి పులిసిన పాలలోంచే వేరు చేశాడు. కండరాల్లో దాని రాకపోకల్నీ, పుట్టే వేడినీ లెక్కగట్టిన మేయర్‌హాఫ్, హిల్ అనే శాస్త్రవేత్తలకు 1922 నోబెల్ వచ్చింది. అంతటివాళ్ల పేర్లు వినిపిస్తుంటే మాలాంటి మాస్టార్లకు అనుమానం ఎందుకొస్తుంది? ముప్పై ఏళ్లు పిల్లలకు అదే వల్లించాను. తప్పు చెప్పానని రిటైరయ్యాక తెలిసింది.

ఎంత గట్టిగా పరిగెత్తినా ఆ ఆమ్లం ఓ గంటలో రక్తంలోంచి తగ్గిపోతుంది. పారేయాల్సిన చెత్త కూడా కాదది, గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది. తాపీగా నడిచేవాడిలో అసలు పేరుకోదు. మరి నువ్వు రెండో రోజు గోడ పట్టుకున్నది ఎందుకు?

దిగినందుకు. మెట్లెక్కేటప్పుడు తొడ కండరం పొట్టిదవుతూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే బ్రేకు వేయాలి. అలా సాగుతూ బిగబట్టినప్పుడు లోపలి సన్నని పోగులు అక్కడక్కడా చెదురుతాయి, బాగుచేసుకునే క్రమంలో వాపు వస్తుంది, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య నొప్పి ముదురుతుంది. ఆ పైన దానంతటదే పోతుంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి మనకి ఎక్కడమంటేనే భయం. దిగడాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఒకసారి ఈ నొప్పి పడ్డ కండరం కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొచ్చుకోదు. కాబట్టి ప్రదక్షిణకి మూడు వారాల ముందు సింహాచలం కొండ పైకి బస్సులో వెళ్లు, దర్శనం చేసుకో, మెట్ల దారిన నెమ్మదిగా దిగు. అందరూ చేసేదానికి తలకిందులే, చూసినవాళ్లు నవ్వినా నవ్వుతారు. వారం పోయాక ఇంకోసారి దిగు. తేడా నీకే తెలుస్తుంది.

ఇక నడిచే రోజు వచ్చే అలసట సంగతి వేరు. కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టిన దగ్గర్నుంచి మళ్లీ అక్కడికి చేరేదాకా 32 కిలోమీటర్లు. నా మొదటిసారి ముచ్చట చెబుతాను. ఉపవాసమని పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. డ్రిల్ మాస్టారిని కదా, గుంపులో అందర్నీ దాటుకుంటూ హనుమంతవాక మీదుగా అప్పుఘర్ చేరి సముద్రంలో మునిగి, అదే ఊపులో లేచాను. మాధవధార దాటేసరికి కాళ్లు నావి కావనిపించింది. నొప్పి లేదు, కండరం పట్టేయలేదు. వెయ్యమంటే అడుగు పడదు, అంతే. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు "మాస్టారు తూలుతున్నారు" అనడం వినపడింది. దారి పక్కన ఒకావిడ రెండు అరటిపళ్లు, గ్లాసుడు పానకం ఇచ్చింది. ఇరవై నిమిషాలకి మనిషినయ్యాను.

జరిగింది ఇదీ. కండరాలు, కాలేయం కలిపి ఓ అరకిలో దాకా పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. మెల్లగా నడిస్తే ఒళ్లు కొవ్వునే ఎక్కువ వాడుకుని ఈ నిల్వను దాస్తుంది. వేగం పెంచావా, నిల్వ కరిగిపోతుంది. దానికితోడు కండరాన్ని బిగించే కాల్షియం బయటికొచ్చే తలుపులు లోపల సరిగ్గా తెరుచుకోవు. బిగుసుకోమని నరం చెప్పినా కండరం సగమే వింటుంది. మన ఊరి ఆషాఢపు ఉక్క ఉండనే ఉంది. చెమట పడుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాళ్లకి వెళ్లాల్సిన రక్తంలో కొంత చర్మం వైపు మళ్లుతుంది. చలికాలం బీచ్ రోడ్డులో నడిచిన వేగాన్ని ఆ రోజు నమ్ముకోకు.

వేగం చూసుకోడానికి వాచీ ఎందుకు? "సింహాద్రి అప్పన్నా గోవిందా" అని ఒక్క గుక్కలో గట్టిగా అనగలిగితే సరైన వేగం. మధ్యలో ఊపిరి తెగితే తగ్గించు. బయల్దేరే ముందు ఇడ్లీయో ఉప్మాయో తిను, గంటకోసారి అరటిపండో గుప్పెడు అటుకులో నోట్లో వేసుకో. ఉపవాసం ఉండి తీరాలంటే పళ్లరసాలైనా మానొద్దు, అప్పన్న ఏమీ అనుకోడు. ఉత్త నీళ్లే కడుపునిండా పట్టించకు, రక్తంలో ఉప్పు పలచబడితే అదో ప్రమాదం. దారి పొడుగునా మజ్జిగ ఇస్తుంటారు, కాస్త ఉప్పేసి తాగు. లేదా లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి.

పిక్క పట్టేస్తే నలపడం మొదలుపెట్టకు. మోకాలు చాచి, కాలివేళ్లని నీ వైపు లాగి పట్టుకో, అర నిమిషంలో వదులుతుంది. వదిలాక కాస్త నడువు, వెంటనే కూర్చుంటే మళ్లీ పట్టేస్తుంది.

రాత్రి డ్యూటీ చేసి ఋషికొండ నుంచి నేరుగా తొలిపావంచాకి వస్తానన్నావట, అది మాత్రం కుదరదు. కూర్చుని చేసే పనికి కాళ్లేం అలుస్తాయి అంటావు. వందేళ్ల పైమాటే, ఇటలీలో మోసో అనే శాస్త్రవేత్త మనుషుల వేలికి బరువు కట్టి ఎన్నిసార్లు ఎత్తగలరో గీతలు గీయించాడు. విద్యార్థులకు నోటి పరీక్షలు పెట్టి వచ్చిన తోటి డాక్టరు వేలు మామూలుకంటే చాలా ముందే చేతులెత్తేసింది. ఆ వేలు రోజంతా చేసిన పనేమీ లేదు. సెలవు పెట్టుకుని ముందు రెండు రాత్రులు బాగా నిద్రపో.

నడక అయ్యాక నొప్పి మాత్రలు మింగకు. ఒంట్లో నీళ్లు తక్కువైనప్పుడు వాటిలో చాలావాటివల్ల కిడ్నీలకు చేటు. నూనె మర్దన హాయినిస్తుంది, నొప్పి కూడా కొంత తగ్గుతుంది, మీ అమ్మమ్మ అంతవరకు కరెక్టే. రెండు పూటలా పప్పో, గుడ్లో, చేపలో తిను. మంచం మీదే ఉండిపోకుండా ఇంట్లో తిరుగు.

కొన్ని విషయాల్లో మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అదే రోజు వెళ్లాలి, చెదిరిన కండరంలోని రంగు రక్తంలోకి దిగిందన్నమాట. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డేమో చూపించుకోవాలి. ఏ పనీ చేయకుండానే నెలల తరబడి కాళ్లు పీకుతున్నా, సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతున్నా అది నడక వ్యవహారం కాదు. మీ నాన్న కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాక తొడలు లాగుతున్నాయంటున్నాడుగా. మాత్ర తనంతట తాను మానేయకుండా డాక్టరుతో చెప్పమను.

ఈ శనివారం తెల్లవారుజామున అయిదింటికి ఆర్‌కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర ఉంటాను. మొదటి వారం రోడ్డు మీదే, ఇసుకలోకి దిగొద్దు, అక్కడ గట్టి నేల మీదకంటే రెట్టింపు దాకా శక్తి ఖర్చవుతుంది. కొత్త బూట్లు కొన్నావని విన్నాను. అవి ఇంట్లో పెట్టి పాతవే వేసుకురా.

మీ మామయ్య