మైనారిటీ కళాశాల అయితే ఉద్యోగాలు రావా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని టోలీచౌకీ. మా అమ్మాయి ఎప్‌సెట్ ర్యాంకుకు దగ్గర్లోని ముస్లిం మైనారిటీ ఇంజినీరింగ్ కళాశాలలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), ఘట్‌కేసర్ వైపు మరో కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చేలా ఉన్నాయి. మైనారిటీ కళాశాలలో చదివితే ఉద్యోగాలు రావని బంధువులు అంటున్నారు. ఏది మేలు?
- ఒక తల్లి

జవాబు: బంధువుల మాట పక్కన పెట్టండమ్మా. కళాశాలను ఎవరు స్థాపించి నడుపుతున్నారో చెప్పేదే ‘మైనారిటీ’ హోదా. రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చిన హక్కు అది. పాఠాలు ఎలా చెబుతారో దాన్నిబట్టి తెలియదు. బంజారాహిల్స్‌లోని ముఫ్ఫఖంజా కళాశాల 1980లో, దారుస్సలాంలోని డెక్కన్ కళాశాల 1984లో మొదలయ్యాయి. నిన్నమొన్న పుట్టిన కళాశాలలకూ అదే హోదా ఉంటుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టలేం.

చాలామంది పొరబడేది రిజర్వేషన్ దగ్గర. రాజ్యాంగం 15(5) అధికరణ మైనారిటీ సంస్థలను రిజర్వేషన్ల నుంచి మినహాయించింది. మీకు బీసీ-ఇ (వెనుకబడిన ముస్లిం వర్గాల) సర్టిఫికెట్ ఉంటే ఆ 4 శాతం కోటా అక్కరకొచ్చేది మిగతా కళాశాలల్లోనే. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇంటికి దగ్గర కావడం చిన్న సంగతి కాదు. రోజూ రెండు పూటలా నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి బస్సులో తిరిగే పిల్లకు సాయంత్రం కోడింగ్ సాధనకు ఓపిక ఎక్కడుంటుంది? తన కట్టుబొట్టు గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేని తరగతిలో నోరు తెరిచి సందేహం అడగగలగడమూ చదువులో భాగమే. అయితే ఆ నిశ్చింత ఒక్కటే చూసుకుని చేర్చకండి.

పనిదినాన అమ్మాయిని వెంటబెట్టుకుని రెండు చోట్లకూ వెళ్లండి. ప్రిన్సిపాల్ గది కంటే ముందు ల్యాబ్ చూడండి. కంప్యూటర్ల మీద కప్పిన కవర్లు ఎన్నాళ్లయి తీయలేదో వాటి మీది దుమ్మే చెబుతుంది. ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు కళాశాల మొత్తానికి కాదు, బ్రాంచికి ఇస్తారు. కాబట్టి మీకు కావాల్సిన బ్రాంచికి ఉందా, గడువు మిగిలుందా అని అడగండి. ‘లక్షల ప్యాకేజీ’ ఫ్లెక్సీని చూసి మురిసిపోకండి. నిరుడు ఆ బ్రాంచిలో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? ఆ రెండు అంకెలూ చెప్పడానికి తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను చేతి నుంచి ఎంత కట్టాలో కూడా కనుక్కోండి.

మీ ఉత్తరంలో దూరం ఉంది, బంధువులున్నారు. అమ్మాయికి సీఎస్ఈ ఇష్టమా, ఈసీఈ ఇష్టమా అన్నది మాత్రం లేదు. ముందు ఆమెను అడగండి.