ముంగుర్తుల గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నల్లగొండ నుండి వందనాలు. పాత నిబంధనలో క్రీస్తుకు ముంగుర్తులైన, అంటే ఆయన రాకను ముందే సూచించిన వారి గురించి నీవు దేవరకొండ నుండి పంపిన వ్యాసం చదివాను. నీకు దేవుని వాక్యం మీద పట్టు ఉంది, వాక్య నిర్మాణంలో తొందరపాటు లేదు. అయితే ఆదాము మొదలుకొని యోనా వరకు అందరినీ వరుసగా పిలిచి, ప్రతి ఒక్కరి దగ్గరా ‘ఈయన క్రీస్తుకు గురుతు’ అని చెప్పి ముందుకు సాగిపోయావు. వారిలో ఒక్కరు కూడా నాకు మనిషిగా కనబడలేదు. ఎవరినైనా ముంగుర్తు అనే ముందు, ఆయన కథలో ఆయనను పూర్తిగా బతకనివ్వాలి. ఈ లేఖలో నేను చెప్పదలచినది ఇదొక్కటే.

నీ వ్యాసంలో యోసేపు భాగమే తీసుకో. యోసేపును అన్నలు అమ్మారు, యేసును శిష్యుడు అమ్మాడు. అక్కడ 20 తులాల వెండి, ఇక్కడ 30 వెండి నాణేలు. అక్కడ చెరసాల తర్వాత సింహాసనం, ఇక్కడ సమాధి తర్వాత మహిమ. పోలిక చదవడానికి ఇంపుగా ఉంది. కానీ పదిహేడేళ్ల పిల్లవాడిని గుంటలో పడవేసినప్పుడు అతడు ఏమన్నాడో ఆదికాండం 37వ అధ్యాయం చెప్పదు. అతడు తమను బతిమాలుకున్నాడనీ, తాము వినలేదనీ అన్నలు ఒప్పుకునేది 42వ అధ్యాయంలో, కరువు తరుముకొస్తే ధాన్యం కోసం ఐగుప్తుకు వెళ్లి అక్కడ చిక్కుల్లో పడ్డాక. ఇన్నేళ్లు ఆలస్యంగా వినిపించే ఆ మొరను నీవు ఒక్క మాటలోనైనా ప్రస్తావించలేదు. పాలమూరు నుండి కన్నబిడ్డలను దూర దేశాల పనులకు పంపిన ఇళ్లలో నీ వ్యాసం చదివేవారున్నారు. పరాయి భాష, పరాయి యజమాని, చేయని తప్పుకు శిక్ష అంటే ఏమిటో వారికి విడమరిచి చెప్పనక్కరలేదు. వారికి యోసేపు ముందుగా తమ ఇంటి పిల్లవాడిగా పరిచయమైతేనే ఆ తర్వాత నీవు చూపే క్రీస్తు పోలికకు బరువు వస్తుంది.

ఇంకా చిక్కైన చోటు 47వ అధ్యాయం. నీవు దాన్ని మొత్తంగా దాటేశావు, చాలామంది ప్రసంగీకులు కూడా దాటేస్తారు. కరువులో ఐగుప్తు జనం ధాన్యం కోసం మొదట డబ్బిచ్చారు, తర్వాత పశువులనిచ్చారు, చివరికి భూములనూ తమనూ ఫరోకు అప్పగించుకున్నారు. యాజకుల భూములు మాత్రం మిగిలాయి. పంటలో ఐదో వంతు ఫరోదైంది. ఇదంతా నడిపించినవాడు యోసేపే. ఆ జనమే ఆయనతో, నీవు మమ్మల్ని బతికించావు, ఇక ఫరోకు దాసులమవుతామని ఒకే ఊపిరిలో అంటారు. 1946 నుండి 1951 వరకు వెట్టికీ దొరల భూమి పెత్తనానికీ ఎదురు తిరిగిన నల్లగొండ నేల మీద ఈ మాట చదివి ఉలిక్కిపడకుండా ఎలా ఉండగలం? దీన్ని దాచిపెట్టి యోసేపును రక్షకునికి సాటిగా నిలబెడితే, 47వ అధ్యాయం చదివిన పాఠకుడు నిన్ను నమ్మడు. ప్రాణాలు నిలిపినవాడే జనాన్ని దాస్యంలోకి నడిపించాడనీ, రాబోయే రక్షకుడు ఆ పని చేయడనీ రాయి. ముంగుర్తు ఎక్కడ ఆగిపోతుందో చూపడం కూడా ముంగుర్తు గురించి రాయడమే. ఆదాము విషయంలో పౌలు చేసింది కూడా దాదాపు ఇదే: రోమీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో ఆదామును రాబోవువానికి గురుతు అంటూనే, ఆ వాదమంతా ఇద్దరి మధ్య తేడా మీదనే నడిపాడు.

కొత్త నిబంధన తానే చెప్పిన ముంగుర్తులనూ, తర్వాతి పాఠకులు చూసిన పోలికలనూ ఒకే గంపలో పోయకు. మోషే అరణ్యంలో ఎత్తిన ఇత్తడి సర్పాన్ని యేసు నీకొదేముతో ప్రస్తావించాడు, యోనా చేప కడుపులో గడిపిన మూడు రాత్రింబగళ్లను మత్తయి 12వ అధ్యాయంలో ఆయనే చెప్పాడు. యోసేపును మాత్రం క్రీస్తుకు గురుతు అని కొత్త నిబంధన ఎక్కడా సూటిగా అనలేదు. అపొస్తలుల కార్యాల్లో స్తెఫను యోసేపు కథ చెప్పాడు, అంతే. యెరికోలో ఇశ్రాయేలు వేగులను దాచిన రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర దారంలో ప్రభువు రక్తాన్ని చూసినది మొదటి శతాబ్దం చివర రోమా సంఘం నుండి కొరింథుకు వెళ్లిన క్లెమెంతు లేఖ. ఇలాంటి పోలికలు రాయవచ్చు, కాని ఎవరి చూపో చెప్పి రాయాలి. సమ్సోను గురించి నీవు రాసిన పేరా మాత్రం తీసేయి, అది పోలిక కోసం పోలిక.

అబ్రాహామును దీవించిన యాజకుడూ రాజూ అయిన మెల్కీసెదెకు భాగం బాగుంది. ఆదికాండం 14లో మూడు వచనాలు, 110వ కీర్తనలో ఒక్క వచనం. తల్లిదండ్రుల ఊసు లేని ఆ మౌనం మీదనే హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం తన వాదం కట్టిందని నీవు గమనించావు. అక్కడ ఒక్క అక్షరం కూడా మార్చవద్దు.

ఇస్సాకు దగ్గర ఒక జాగ్రత్త అవసరం. తండ్రి అబ్రాహాము అతణ్ని బలి ఇవ్వబోయినప్పుడు కట్టెలు మోసినది అతడే అయినా చనిపోయినది పొదలో చిక్కిన పొట్టేలు. కాబట్టి క్రీస్తుకు పోలిక ఎవరితో అన్న ప్రశ్నను దాటవేయకు. పైగా ఆ కథ ఉన్న ఆదికాండం 22వ అధ్యాయం మనకంటే ముందు యూదులది. వారు నేటికీ తమ కొత్త సంవత్సర పండుగ రెండో రోజున దాన్ని చదువుతారు. క్రీస్తు వచ్చేదాకా ఆ కథకు అర్థమే లేదన్నట్టు నీవు రాసిన వాక్యం అన్యాయమైనది, దాన్ని కొట్టేశాను.

ఐగుప్తు విడిచిన రాత్రి ఇశ్రాయేలీయులు కోసి తిన్న పస్కా గొర్రెపిల్లను మూడు వాక్యాల్లో ముగించావు. నిర్గమకాండం 12 ప్రకారం దాన్ని పదో రోజున ఎంచుకుని పద్నాలుగో రోజు వరకు ఉంచుకోవాలి. నాలుగు రోజులు పిల్లల చేతి మేత తిన్న ఏడాది పిల్లను కోయడమంటే ఏమిటో, గొర్ల మందల మధ్య పెరిగిన మన జిల్లాల పాఠకునికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ నాలుగు రోజుల మీద ఒక పేజీ రాయి. ఎముక విరవకూడదన్న ఆజ్ఞనూ, యోహాను 19వ అధ్యాయాన్నీ ఆ తర్వాత తీసుకురా.

ఇత్తడి సర్పం గురించి రాసిన చోట రెండో రాజుల గ్రంథం 18వ అధ్యాయాన్ని కూడా చేర్చు. జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారని హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. యోసేపు భాగం తిరగరాసి ముందుగా అదొక్కటే పంపు. మిగతా వ్యాసం ఆ తర్వాత చూద్దాం.

నీ అన్న