చదివిన సంభావ్యత ఉద్యోగంలో పనికివచ్చిందా? ఒక క్యూ లెక్క

సంభావ్యతనూ అవకలన సమీకరణాలనూ పరీక్షల కోసమే చదివానని, వాటిని బయట నిజంగా వాడినవారు ఉంటే ఎలా వాడారో సొంత అనుభవంతో చెప్పమని మీరు అడిగారు. నేను వాడాను. ఒక ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగంలో రిజిస్ట్రేషన్ కౌంటర్ల దగ్గర రోగులు చాలాసేపు నిలబడవలసి వస్తోందని, కారణం కనుక్కోమని నాకు పని అప్పగించినప్పుడు, మార్కుల కోసం చదివి పక్కన పెట్టిన పాయిజాన్ విభాజనాన్ని (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే సంఘటనలు ఒక వ్యవధిలో ఎన్నిసార్లు జరగవచ్చో చెప్పే సంభావ్యత సూత్రాన్ని) మళ్ళీ తెరిచాను.

నిర్వాహకుల వాదన పైకి తిరుగులేనిదిగా కనిపించేది. ఒక్కొక్కరి నమోదుకు సగటున 4 నిమిషాలు పడుతుంది కనుక ఒక కౌంటరు గంటకు 15 మందిని పంపగలదు. వచ్చేది గంటకు 12 మందే (అంకెలను గుండ్రం చేసి చెబుతున్నాను). ఇంకా ముగ్గురికి సరిపడే సమయం మిగులుతున్నా క్యూ పెరుగుతోందంటే సిబ్బంది నిదానంగా పనిచేస్తున్నట్టేనని వారు తేల్చేశారు. ప్రతి 5 నిమిషాలకు కచ్చితంగా ఒకరు వచ్చి, ప్రతివారి పనీ కచ్చితంగా 4 నిమిషాల్లో ముగిస్తే ఆ వాదన నిజమే, ఎవరూ క్షణమైనా ఆగనక్కరలేదు. కానీ మనుషులు అలా రారు. ఒకసారి ముగ్గురు కలిసి వస్తారు, ఆ తరువాత పది నిమిషాలు ఎవరూ రారు. ఆ ఖాళీ పది నిమిషాలను దాచుకొని రద్దీ వేళ వాడుకొనే వీలు కౌంటరుకు లేదు. సగటు చూసేవారికి కనిపించనిది ఇదే.

రాకలు పాయిజాన్ విభాజనాన్ని, పని సమయాలు ఘాతీయ విభాజనాన్ని (ఎక్కువ పనులు త్వరగా ముగిసి, కొన్ని మాత్రం చాలాసేపు సాగే తీరును) అనుసరిస్తాయనుకుంటే, పై అంకెలకు క్యూలో సగటు నిరీక్షణ 16 నిమిషాలని సూత్రం చెబుతుంది. గంటకు 13.5 మంది వస్తే అది 36 నిమిషాలు, 14.25 మంది వస్తే 76 నిమిషాలు అవుతుంది. అంటే కౌంటరు తీరిక లేకుండా ఉండే సమయం 80 శాతం నుంచి 95 శాతానికి పెరిగితే నిరీక్షణ దాదాపు ఐదు రెట్లవుతుంది. ఎవరూ బద్ధకించకపోయినా క్యూ ఏర్పడుతుందని ఈ లెక్కతో చూపించి, సిబ్బంది మీద పడిన నిందను తొలగించగలగడం నా ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికంటే ఎక్కువ తృప్తినిచ్చిన విషయం.

ఈ గణితం పుట్టిందే ఇలాంటి అవసరం నుంచి. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నెర్ ఎర్లాంగ్, ఫోన్ కాల్స్ పాయిజాన్ విభాజనాన్ని అనుసరిస్తాయని 1909లో చూపి, ఎన్ని లైన్లు ఉంటే ఎంత శాతం కాల్స్ నిలిచిపోతాయో చెప్పే సూత్రాన్ని 1917లో ప్రచురించారు. టెలిఫోన్ ట్రాఫిక్‌ను కొలిచే ప్రమాణానికి నేటికీ ఆయన పేరే ఉంది.

అయితే మొదటిసారి నా లెక్క తప్పింది. రోజంతటి రాకలకు ఒకే సగటు తీసుకున్నాను, నిజానికి తలుపులు తెరవగానే జనం ఒక్కసారిగా వస్తారు. మొదటి గంటలో 20 మంది వచ్చి 15 మంది పని మాత్రమే పూర్తయితే, తరువాత గంటకు 12 మంది చొప్పునే వచ్చినా, మిగిలిన ఐదుగురి భారం తీరడానికి సుమారు 100 నిమిషాలు పడుతుంది. అలాంటి చోట స్థిరస్థితి సూత్రం, అంటే రాకల రేటు మారకుండా చాలాసేపు సాగితేనే పనిచేసే పై సూత్రం, వర్తించదు. అందుకని కొన్ని రోజులు గడియారం పట్టుకొని కౌంటరు పక్కనే కూర్చొని, ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరి పని ఎంతసేపు పట్టిందో రాసుకొని, గంట గంటకూ విడిగా లెక్కించాను. అసలు కష్టం సూత్రంలో కాదు, ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ నోట్సు వల్లనే పరిష్కారాలు దొరికాయి. కొత్త రోగులకు ఒకటి, పాతవారికి ఒకటిగా ఉన్న రెండు క్యూలను కలిపి, ముందున్నవారు ఏ కౌంటరు ఖాళీ అయితే దానికి వెళ్ళేలా చేయమని సూచించాను. రెండు కౌంటర్లకూ గంటకు 12 మంది చొప్పున వస్తుంటే, ఈ ఒక్క మార్పుతో 16 నిమిషాల సగటు నిరీక్షణ సుమారు 7 నిమిషాలకు తగ్గుతుంది. ఒక కౌంటరు ఖాళీగా ఉండగా రెండోదాని ముందు జనం నిలబడే పరిస్థితి ఉండదు కాబట్టి, అదనంగా ఒక్క ఉద్యోగి కూడా అక్కరలేదు. రెండో సూచన, కాగితాలు సరిగా ఉన్నాయో లేదో క్యూలో ఉండగానే చూడడం. ఎక్కువమంది పని త్వరగానే ముగిసేది, కాగితాలు లేని కొద్దిమంది దగ్గరే చాలాసేపు ఆగేది. పని సమయాల్లోని ఈ హెచ్చుతగ్గులు పూర్తిగా పోతే, సగటు పని సమయం అదే 4 నిమిషాలైనా, ఒక్కో కౌంటరు దగ్గర నిరీక్షణ 16 నుంచి 8 నిమిషాలకు దిగుతుంది. పూర్తిగా పోవు, కానీ తగ్గినంత మేరకూ లాభమే.

అవకలన సమీకరణాల గురించి కూడా అడిగారు. క్యూలో ఇంతమంది ఉండే సంభావ్యత కాలంతో ఎలా మారుతుందో చెప్పేవి అవే. నేను వాడిన సూత్రాలు ఆ మార్పు రేటు సున్నా అయిన స్థితి నుంచి వచ్చినవి. మీరు సొంతంగా ప్రయత్నించాలనుకుంటే, జాన్ లిటిల్ 1961లో నిరూపించిన నియమంతో మొదలుపెట్టండి: లోపల ఉన్నవారి సగటు సంఖ్య, రాకల రేటును ఒక్కొక్కరు లోపల గడిపే సగటు సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. గంటకు 12 మంది వచ్చి, ఒక్కొక్కరు నిరీక్షణతో కలిపి 20 నిమిషాలు ఉంటే, లోపల సగటున నలుగురు ఉండాలి. మీరు లెక్కపెట్టినప్పుడు ఆ సంఖ్యకు దగ్గరగా రాకపోతే, ముందుగా మీ కొలతలను సరిచూసుకోండి.